జల్లెడ పట్టిన అంకెలు

కేంద్ర విద్యామంత్రిత్వశాఖ 2025 ఆగస్టులో 2024–25 విద్యా సంవత్సరపు పాఠశాలల గణాంకాలను ప్రకటించినది. యూడైస్ ప్లస్ అనే పేరుతో ఏటేటా వెలువడే ఈ నివేదిక ప్రకారం దేశంలో 14.71 లక్షల బడులున్నవి; వాటిలో 24.69 కోట్ల విద్యార్థులు, 1.01 కోట్ల ఉపాధ్యాయులు ఉన్నారు. ఉపాధ్యాయుల సంఖ్య కోటి దాటటం ఇదే మొదటిసారి. భాగహారం వచ్చిన బాలుడెవడైనా ఒక్కొక్క గురువుకు సుమారు 24 మంది శిష్యులని లెక్క తేల్చగలడు. వినటానికి ఇంపైన మాటే. అయితే అదే నివేదికలో మరొక అంకె కూడా ఉన్నది. ఒకే ఒక్క ఉపాధ్యాయునితో నడుస్తున్న బడులు 1,04,125. వాటిలో చదువుకొంటున్న పిల్లలు 33 లక్షలకు పైబడి ఉన్నారు. ఈ రెండంకెలూ సత్యాలే. మొదటిది రాశిని మొత్తంగా చూచినప్పటి సత్యం. రెండవది జల్లెడ పట్టి చూచినప్పటి సత్యం. ఆ జల్లెడను గురించి ఉపాధ్యాయులూ విద్యార్థులూ కొంత ఆలోచించవలసిన కాలం వచ్చినది.

ఇటువంటి అంకెలు ఒకప్పుడు లావుపాటి సంపుటాలలో అచ్చయి బీరువాలలో నిద్రించేవి. నేడవి డ్యాష్‌బోర్డు అనే పేరుతో కంప్యూటరు తెరమీదికి వచ్చినవి. గుర్రపు బండి తోలేవానిమీద బురద చిందకుండా ముందు అమర్చిన పలకకు ఇంగ్లీషువారు పెట్టిన పేరది. తరువాత మోటారు బండిలో వేగాన్నీ చమురునూ తెలిపే పలకకు సంక్రమించి, ఈనాడు అంకెల తెరకు స్థిరపడినది. ఆ తెరమీద రాష్ట్రం, జిల్లా, యాజమాన్యం, తరగతి, బాలురు, బాలికలు, పల్లె, పట్టణం అంటూ గడులుంటవి. మనకు కావలసిన గడిని ఎన్నుకొంటే తక్కిన అంకెలు తెరమరుగవుతవి. దీనినే ఫిల్టరు అంటున్నారు. మన భాషలో వడపోత.

వడపోతలో వ్యాకరణం కూడా ఉన్నది. ‘పల్లెలోనిదై ఏకోపాధ్యాయమైన బడి’ అని అడిగితే రెండు నిబంధనలూ తీరినవే మిగులుతవి, రాశి కుదించుకొనిపోతుంది. ‘పల్లెలోనిది గాని ఏకోపాధ్యాయమైనది గాని’ అని అడిగితే ఏదో ఒకటి తీరినా చాలును, రాశి విస్తరిస్తుంది. సముచ్చయానికీ వికల్పానికీ గల భేదాన్ని తరగతిలో వివరించే తెలుగు పండితునికి ఇది కొత్త సంగతి కాదు. కొత్తదేమంటే, ఆ చిన్న భేదంమీద నేడు బడుల భవిష్యత్తు ఆధారపడుతున్నది.

ఎట్లాగంటే వినండి. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధం ప్రకారం ప్రాథమిక తరగతులలో పిల్లలు 60 మంది వరకు ఉంటే ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. ఒక ఊరి బడిలో అయిదు తరగతులకూ కలిపి 20 మంది పిల్లలు, ఒకే మాస్టారు ఉన్నారనుకొందాం. ఒక అధికారి తన తెరముందు కూర్చుండి, ఉపాధ్యాయునికి 30 మందికి మించి పిల్లలున్న బడులను చూపుమని వడపోస్తాడు. ఆ ఊరి బడి జాబితాలోకి రానే రాదు. నిష్పత్తి దృష్టిలో అది మేలైన బడి. చట్టం దృష్టిలో లోపం గల బడి. ఆ మాస్టారు ఒకేసారి అయిదు తరగతులకు పాఠం చెప్పవలెను. ఆయనకు జ్వరం వస్తే ఆనాడు ఊరికి చదువే లేదు. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. అడిగినదానికి సరిగానే బదులు చెప్పినది. అడగవలసిన ప్రశ్న అది కాదు, అంతే. ఫిల్టరు అంటే ఒక ప్రశ్న అని మనం గ్రహించవలసి ఉన్నది.

సరియైన ప్రశ్న వేసినా వడపోత ఒక మేరకే చెబుతుంది. అదే నివేదికలో ఏకోపాధ్యాయ పాఠశాలలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. వాటి సంఖ్య 12,912. తెర ఆ సంఖ్యను చూపుతుంది గాని దాని చరిత్రను చూపదు. 2022లో అక్కడ అనేక ప్రాథమిక పాఠశాలల నుండి 3, 4, 5 తరగతులను సమీపంలోని ఉన్నత పాఠశాలలకు తరలించారు. చాలాచోట్ల 1, 2 తరగతులే మిగిలినవి. 2025లో ఆ ఏర్పాటును రద్దుచేసి మరల కొత్త ఏర్పాటు చేశారు. ఈ వృత్తాంతం తెలిసినవాడు ఆ అంకెను చదివే తీరు వేరు, తెలియనివాడు చదివే తీరు వేరు. అట్లే తెలంగాణలో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు 2,245 అని తేలినది. వడపోత వాటిని వేరుచేసి చూపగలదు గాని, పిల్లలు ఎందుకు వెళ్లిపోయినారో చెప్పలేదు. అది తెలియవలెనంటే ఆ ఊరికి వెళ్లి తల్లిదండ్రులను అడగవలసినదే.

కాలాన్ని బట్టి వడపోసేటప్పుడు మరొక మెలకువ అవసరం. 2021–22లో విద్యార్థులు సుమారు 26.5 కోట్లు, 2022–23లో సుమారు 25.2 కోట్లు. ఒక్క ఏడాదిలో కోటిమందికి పైగా బడి మానివేసినారని ఎవరైనా గుండె బాదుకొనవచ్చును. కాని 2022–23 నుండి లెక్క తీసే పద్ధతి మారినది. అంతకుముందు బడికి ఇందరని మొత్తాలు పంపేవారు. ఆ తరువాత ఒక్కొక్క విద్యార్థి వివరమూ విడివిడిగా నమోదు చేస్తున్నారు. కనుక పాత లెక్కలతో కొత్త లెక్కలను నేరుగా పోల్చరాదని మంత్రిత్వశాఖ కూడా హెచ్చరించినది. తెరమీద మాత్రం రెండు సంవత్సరాలూ పక్కపక్కనే ఒకే రంగులో కనిపిస్తవి.

మొత్తం అంకె ఒకటి చెప్పగా, విడదీసిన అంకెలు దానికి ఎదురు చెప్పటం కూడా కద్దు. అమెరికాలో బర్క్‌లీ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఉదంతం దీనికి ప్రసిద్ధమైన తార్కాణం. 1973లో అక్కడి పై చదువులకు దరఖాస్తు చేసిన పురుషులు 8,442 మందిలో 44 శాతానికి ప్రవేశం లభించినది. స్త్రీలు 4,321 మందిలో 35 శాతానికే లభించినది. స్త్రీలకు అన్యాయం జరిగినదనటానికి ఇంతకన్న ఏమి కావలెనని తోస్తుంది. 1975లో పరిశోధకులు అవే అంకెలను శాఖలవారీగా విడదీసి చూచారు. అప్పుడా వ్యత్యాసం మాయమై, స్త్రీలవైపే కొద్దిపాటి మొగ్గు కనిపించినది. సీట్లు దొరకటం కష్టమైన శాఖలకు స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేయటమే దీనికి కారణం. అయితే అంతటితో విచారణ ముగిసినట్లు కాదు. స్త్రీలు ఆ శాఖలకే ఎందుకు మొగ్గినారన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. మంచి వడపోత ప్రశ్నను ఆపివేయదు. దానిని అసలు చోటికి చేరుస్తుంది.

జల్లెడ కన్ను మరీ సన్నమైనా ప్రమాదమే. జిల్లా, మండలం, బడి, తరగతి, కులం, లింగం అంటూ వడపోస్తూపోతే చివరకు ముగ్గురు పిల్లలు మిగులుతారు. వారిలో ఒకడు తప్పితే ‘33 శాతం వైఫల్యం’ అని తెరమీద ఎర్రగా మెరుస్తుంది. అది శాతం కాదు, ఒక పిల్లవాడు. పేరు వ్రాయకపోయినా ఆ పిల్లవాడెవడో ఊరంతా పోల్చుకొనగలుగుతుంది. అందుచేతనే బాధ్యత గల సంస్థలు మరీ చిన్న సంఖ్యలను బయటపెట్టకుండా దాచి ఉంచుతవి.

కాబట్టి ఏ సమావేశంలోనైనా మన ముందు ఒక పట్టికను ఉంచినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగటం మన హక్కు, మన విధి కూడా. ఏ గడులను ఎన్నుకొని దీనిని తీశారు? వడపోతలో జారిపోయినవి ఏవి? ఖాళీగా ఉన్న గడిని సున్నగా లెక్కించారా, లేక విడిచివేశారా? మిగిలిన సంఖ్య నిర్ణయం చేయటానికి తగినంత పెద్దదేనా? ఈ ప్రశ్నలకు గణితంలో పాండిత్యం అక్కరలేదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేత తన బడి హాజరు పట్టీమీదనే ఈ అభ్యాసం చేయించవచ్చును. వారాన్ని బట్టి, ఊరిని బట్టి, ఆడపిల్లలను బట్టి ఒకే పట్టీని మూడు విధాలుగా వడపోసి చూస్తే ఏ రోజున ఎవరు ఎందుకు రావటం లేదో కొంత తెలియవస్తుంది. తెలియని మిగతా భాగాన్ని ఆ పిల్లలనే అడిగి తెలిసికొనవలెను.