తప్పు చూపే పెట్రోలు మీటరు: కంపెనీ పిలుపు పల్లెకు చేరేనా?

కమ్మర్‌పల్లి: పెట్రోలు మీటరు పూర్తిగా ఆగిపోతే డ్రైవరు జాగ్రత్త పడతాడు. ట్యాంకు ఖాళీ అవుతున్నా పెట్రోలు ఉన్నట్లు చూపితే మాత్రం నమ్మి దెబ్బతింటాడు. ఇటువంటి లోపం ఉండవచ్చునన్న అనుమానంతో మారుతి సుజుకి సంస్థ 39,506 గ్రాండ్ విటారా కార్లను వెనక్కు పిలుస్తున్నట్లు 2025 నవంబరులో ప్రకటించింది. 2024 డిసెంబరు 9 నుంచి 2025 ఏప్రిల్ 29 వరకు తయారైన కార్లకు ఇది వర్తిస్తుంది. స్పీడోమీటరు భాగంలోని ఇంధన సూచిక, హెచ్చరిక దీపం ట్యాంకులోని అసలు స్థితిని సరిగా చూపకపోవచ్చునని సంస్థ తెలిపింది. కారును పరీక్షించి, లోపమున్న భాగాన్ని ఉచితంగా మారుస్తామన్నది.

ఇది చిన్న విషయంగా కొట్టిపారేయదగినది కాదు. ఆర్మూర్ నుంచి కమ్మర్‌పల్లి మీదుగా మెట్‌పల్లి వైపు వెళ్లే 63వ నెంబరు జాతీయ రహదారిపై లారీలు, బస్సులు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. పసుపు సీజనులో ట్రాక్టర్లు కూడా తోడవుతాయి. నడుస్తున్న కారులో పెట్రోలు అయిపోయి ఇంజను ఆగితే స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది. చీకట్లో నడిరోడ్డుపై నిలిచిన కారుకు వెనుక నుంచి వచ్చే లారీయే మృత్యువు కాగలదు.

పాత యజమానికే కబురు

కంపెనీ పిలుపు రికార్డులో ఉన్న యజమానికే అందుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. పల్లెల్లో బండ్లు చేతులు మారడం మామూలే. గల్ఫ్ నుంచి వచ్చినవారు కారు కొని, తిరిగి వెళ్లేటప్పుడు అమ్ముకోవడం కూడా కద్దు. బేరం కుదిరి డబ్బు ముట్టగానే పని అయిపోయిందనుకుంటారు. ఆర్.సి. మాత్రం పాత పేరు మీదే ఉండిపోతుంది. కబురు అమ్మినవానికి వెళుతుంది, ప్రమాదం కొన్నవానికి మిగులుతుంది.

ఈ బెడద ఖరీదైన కార్లకే పరిమితం కాదు. స్టీరింగుకు సంబంధించిన టై రాడ్ లోపం అనుమానంతో 2023 జులైలో అదే సంస్థ 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో వాహనాలను వెనక్కు పిలిచింది. ఈకో బండ్లు పల్లెల్లో కిరాయికి తిరుగుతున్న సంగతి తెలిసిందే. ఒక్క బండికి కబురు చేరకపోతే అందులో ఎక్కిన వారందరి ప్రాణాలకూ ముప్పే.

చట్టం ఏమంటున్నది?

2012లో మొదలైన రీకాల్ పద్ధతి చాలాకాలం కంపెనీల ఇష్టంపైనే నడిచింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఎ సెక్షను చేర్చారు. లోపమున్న వాహనాలను వెనక్కు పిలిపించే అధికారం దానితో కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. చట్టం ఉన్నా యజమాని పేరు, చిరునామా సరిగా లేనిచోట దాని ఫలం అందదు.

అందువల్ల బండి అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా శాఖకు తెలపాలన్న నిబంధనను పాటించడం తమ మేలుకేనని గ్రహించాలి. ఆర్.సి.లోని ఛాసిస్ నెంబరుతో షోరూంకు వెళ్లి అడిగితే తమ బండి జాబితాలో ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. అంతవరకు మీటరునే నమ్ముకోకుండా, పెట్రోలు పోయించిన రోజున కిలోమీటర్లు రాసిపెట్టుకుని లెక్క చూసుకోవడం మంచిది.

భారమంతా యజమానులపైనే వేయడం కూడా న్యాయం కాదు. బండ్లు అమ్మడానికి పల్లెలకు మేళాలతో వచ్చే డీలర్లు, లోపం సవరించడానికీ రాగలరు. రవాణా శాఖ సహకారంతో మండల కేంద్రాలలో ఒక్కొక్క రోజు శిబిరం పెట్టి, జాబితాను గ్రామ పంచాయతీలలో అంటిస్తే సగం సమస్య తీరుతుంది. లేనిపక్షంలో ఈ పిలుపు పట్నాల వరకే వినిపించి, పల్లె పొలిమేరలోనే ఆగిపోగలదు.