ఫ్రెంచి వచ్చింది, నోరు రాలేదు



ఈ సంచికలో కవితలుంటాయి, కథలుంటాయి, పెద్దల సందేశాలుంటాయి. వాటి మధ్య నేనొక తప్పిన పరీక్ష సంగతి రాస్తానంటే సంపాదకులు నవ్వారు. "ఒంగోల్లో ఫ్రెంచి ఏందమ్మా?" అన్నారు. రెండేళ్ళ కిందట మా నాన్న కూడా అచ్చంగా ఇదే మాట అన్నాడు. ఇద్దరికీ కలిపి ఇక్కడ జవాబు చెప్పుకుంటాను. చదివాక మీరూ నవ్వండి, అభ్యంతరం లేదు.

పరీక్ష పేరు డెల్ఫ్. ఫ్రెంచి మాతృభాష కానివాళ్ళకు ఫ్రాన్సు విద్యాశాఖ ఇచ్చే యోగ్యతాపత్రం అది. 1985లో మొదలైంది. ఎ1, ఎ2, బి1, బి2 అని నాలుగు మెట్లు. ఆపైన డాల్ఫ్ అనే పేరుతో సి1, సి2 అని ఇంకో రెండు. ప్రతి మెట్టులోనూ నాలుగు భాగాలు: వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం. ఒక్కోదానికి 25 మార్కులు, మొత్తం 100. యాభై వస్తే పాసు. కాని ఒక మెలిక ఉంది. ఏ భాగంలోనైనా 5 కంటే తగ్గితే మిగతా మార్కులన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

నేను బి1 రాశాను. వినడంలో 16, చదవడంలో 20, రాయడంలో 16, మాట్లాడడంలో 4. కూడితే 56. అయినా తప్పాను!

ఆ నాలుగు మార్కుల కథ చెబుతాను. రాత్రి బస్సెక్కి హైదరాబాదు పోయి, నిద్ర లేని కళ్ళతో పరీక్ష గదిలో కూర్చున్నాను. ఎదురుగా ఇద్దరు పరీక్షకులు. బి1 మౌఖికంలో మూడు ఘట్టాలుంటాయి. మొదట మన గురించి మనం చెప్పుకోవాలి. అది బట్టీ పట్టాను గనక చిలకలా అప్పజెప్పాను. రెండోది సంభాషణ. దానికి ముందుగా తయారయ్యే వ్యవధి ఇవ్వరు. నాకొచ్చిన చీటీలో ఉన్నదేమిటంటే, పక్కింటివాడు రాత్రిళ్ళు పెద్దగా పాటలు పెడుతున్నాడు, వెళ్ళి అడగాలి. పరీక్షకుడే పక్కింటివాడు. "ఏమిటండీ, ఇలా వచ్చారు?" అని ఫ్రెంచిలో అడిగాడు. నేను "బోఁజూర్" అన్నాను. తర్వాత మాట లేదు. ఆయన దయతలచి, "పాటలు బాగున్నాయా?" అన్నాడు. నేను "వుయి" అన్నాను. అంటే, అవును బాగున్నాయన్నాను! గొడవ పడాల్సిన మనిషిని మెచ్చుకుని వచ్చాను.

మూడోది, ఒక చిన్న వార్త చదివి దాని మీద మన అభిప్రాయం చెప్పడం. నాకు అభిప్రాయం లేదు. ఫ్రెంచిలోనే కాదు, తెలుగులోనూ లేదు.

బస్సులో తిరిగొస్తూ అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. పక్కింటివాడు పాటలు పెట్టి నిద్ర చెడగొడితే, గోడ ఇవతల నిలబడి వాడికి న్యాయం, ధర్మం, వాడి పిల్లల పరీక్షలు, మా నాన్న రక్తపోటు అన్నీ వరసగా చెప్పి, చివరికి వాడితోనే "సరే అక్కా, ఆపేస్తాలే" అనిపించగలదు. ఆ పరీక్షకు కావలసిన విద్య మా అమ్మ దగ్గరుంది. నా దగ్గరున్నది ఫ్రెంచి వ్యాకరణం.

మరి పదిహేనేళ్ళు చదివిన నాకు అమ్మకున్న నోరు ఎందుకు లేదు? ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాను.

బడిలో ప్రశ్న అడిగితే "పాఠంలో ఉంది చూసుకో" అన్నారు. ఇంట్లో జవాబు చెబితే "ఎదురు మాట్లాడకు" అన్నారు. ఇంటరులో క్లాసు మొత్తానికి నోరు తెరిచే సందర్భం హాజరు పలికేటప్పుడే. నేను రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నది ప్రేమతో కాదు, మార్కులొస్తాయని. మార్కులొచ్చాయి. రెండేళ్ళలో ఒక్క వాక్యమైనా పైకి పలికిన గుర్తు లేదు. తర్వాత చేరిన శిక్షణ కేంద్రంలోనూ పాత ప్రశ్నపత్రాల జిరాక్సు కాగితాలు చేతిలో పెట్టి, "ఈ ఇరవై సమాధానాలు చదివితే చాలు" అన్నారు. ఫీజు కోసం నాన్న ఆ ఏడు కోల్డు స్టోరేజీలో ఉంచుకున్న మిరపకాయ టిక్కీల్లో కొన్నిటిని ధర రాకముందే అమ్మాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

కనక నా వాదన ఇది. మనకు రానిది పరాయి భాష కాదు, పలకడం. పలకడం రాని మనిషికి ఏ భాష నేర్పినా అది కాగితం మీదే ఉంటుంది.

"అసలు ఒంగోలుకీ ఫ్రెంచికీ ఏమిటి సంబంధం?" అనేవారికి ఒక్క మాట. మనకు దగ్గర్లోనే ఉన్న మోటుపల్లి రేవు చూడండి. నిన్నమొన్నటి దాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది, 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది. సముద్ర వర్తకులకు భయం లేదని 13వ శతాబ్దిలో కాకతి గణపతిదేవుడు అభయ శాసనం వేయించింది అక్కడే. మార్కో పోలో తన గ్రంథంలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవునేనని చరిత్రకారులంటారు. ఆయన 1298లో జెనోవా చెరసాలలో కథ చెబుతుంటే, తోటి ఖైదీ రుస్టికెల్లో దాన్ని ఇటాలియను కలిసిన పాత ఫ్రెంచిలోనే రాశాడు. మన తీరంలో నేసే సన్నబట్టల ఖ్యాతి ఫ్రెంచి అక్షరాల్లోకెక్కి ఏడు వందల ఏళ్ళు దాటింది. ఇక యానాం సంగతి తెలిసిందే. 1954 జూన్ దాకా అక్కడ తెలుగువాళ్ళు ఫ్రెంచి పాలనలో ఉన్నారు. అప్పగింత ఒప్పందం 1956లో జరిగింది, దానికి ఫ్రాన్సు ఆమోదముద్ర 1962లో పడింది. గోదావరి ఒడ్డున కూర్చుని తెలుగు నోరు ఫ్రెంచి పలికింది. మనది మాత్రం వేరే నోరా?

ఇంకో సంగతి. తెలుగువాడికి ఫ్రెంచి అనుకున్నంత దూరం కాదు. ఇంగ్లీషులో అందరికీ ఒకే "యూ". ఫ్రెంచిలో "తు" వేరు, "వు" వేరు. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే. ఎవరిని ఏమనాలో మనకు ఉగ్గుపాలతో వస్తుంది. మాయమ్మ అనేటప్పుడు "మా"కూ "అమ్మ"కూ మధ్య య వచ్చి కూర్చున్నట్టు, వాళ్ళకు "లె", "అమి" కలిస్తే "లెజామి" అవుతుంది. నియమం వేరు కావచ్చు, రెండు మాటల్ని కలిపి పలికే అలవాటు మాత్రం మనకు కొత్త కాదు. కష్టమైనవీ ఉన్నాయి. మనం రాసిందంతా పలుకుతాం, వాళ్ళు సగం అక్షరాలు రాసి మింగేస్తారు. మనకు బల్ల బల్లే, కుర్చీ కుర్చీయే. వాళ్ళకు బల్ల కూడా స్త్రీలింగం.

అన్నిటికంటే పెద్ద చిక్కు, రాసే ఫ్రెంచి వేరు, మాట్లాడే ఫ్రెంచి వేరు. "నాకు తెలియదు" అనడానికి పుస్తకంలో "జె న సే పా" అని నాలుగు మాటలుంటాయి. వీధిలో అది "శే పా" అయిపోతుంది. మనకిది వింతా? గ్రాంథికం, వ్యావహారికం అని గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) జీవితమంతా పోరాడింది ఈ తేడా మీదే కదా! పరీక్షలో మాత్రం రెండూ కావాలి. మేయరుకు రాసే ఉత్తరం పుస్తకం భాషలో ఉండాలి. పక్కింటివాడితో మాట వీధి భాషలో సాగాలి. నేను పక్కింటివాడి దగ్గర పుస్తకం భాష వెతుక్కుంటూ నిలబడిపోయాను.

తప్పాక ఏం చేశానో చెబుతాను. ఇది సలహా కాదు, అనుభవం.

మొదటిది, రోజూ అయిదు నిమిషాలు పైకి మాట్లాడాను. మేడ మీద, ఫోనులో రికార్డు చేసుకుంటూ. మొదటి వారం నా గొంతు నేనే వినలేకపోయాను. అయినా విన్నాను. అంశాల కోసం ఎక్కడికీ పోలేదు. ట్రంకు రోడ్డు మీద ట్రాఫిక్కు, హాస్టలు సాంబారు, ఆడపిల్లలకు సెల్‌ఫోను ఇవ్వాలా వద్దా, ఇవే. ఒక్కోదానికి అనుకూలంగా రెండు మాటలు, వ్యతిరేకంగా రెండు, చివర నా మాట ఒకటి. మొదట తెలుగులో చెప్పి, తర్వాత ఫ్రెంచిలో. తెలుగులో చెప్పలేని రోజున ఫ్రెంచిలోనూ రాలేదు. ఇది నేను కనిపెట్టిన పెద్ద నిజం.

రెండోది, ఒక తోడు. నా స్నేహితురాలు ఇంగ్లీషు పరీక్షకు తయారవుతోంది. ఆమె ఇంగ్లీషులో, నేను ఫ్రెంచిలో పోట్లాడుకున్నాం. ఒకరోజు ఆమె ఇంటి యజమాని, నేను అద్దెకున్నదాన్ని. ఒకరోజు ఆమె రైల్వే గుమాస్తా, నేను రైలు తప్పిపోయినదాన్ని. ఒకరి భాష ఒకరికి సగమే అర్థమైంది. అయితేనేం, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి జవాబు చెప్పడం వచ్చింది. మన వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం పంతులు గారు చిన్నప్పుడు నాటకాల్లో వేషాలు కట్టారు. ఆ పిల్లవాడే పెద్ద న్యాయవాదై, 1928లో సైమను కమిషను నాటి మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము విరిచి నిలబడ్డాడు. వేషం కట్టడం తక్కువ విద్య కాదు.

మూడోది, రాత. బి1లో 45 నిమిషాల్లో కనీసం 160 మాటలు రాయాలి. గడియారం ఎదురుగా పెట్టుకుని వారానికి రెండు రాశాను. రాయడం కంటే ముఖ్యం దిద్దుకోవడం. నాన్నకు మిరపకాయల లెక్కల కోసం ఒక పద్దు పుస్తకం ఉంది. అలాంటిదే నేనూ పెట్టాను. ఎడమ పక్క నా తప్పు, కుడి పక్క ఒప్పు, ఎన్నిసార్లు చేశానో గీతలు. నెల తిరిగేసరికి తేలిందేమిటి? నా తప్పులు వంద కాదు, అయిదారే. లింగం, బహువచనపు చివరి ఎస్, భూతకాలంలో సహాయక్రియ ఎంపిక, ఇలాంటివి. అవే వందసార్లు చేస్తున్నాను. అప్పులన్నీ ఒకే షావుకారు దగ్గర ఉన్నాయని తెలిస్తే తీర్చడం సులువు కదా.

నాలుగోది, చెవి. ఫ్రాన్సు అంతర్జాతీయ రేడియోలో నేర్చుకునేవాళ్ళ కోసం తేలిక ఫ్రెంచిలో వార్తలొస్తాయి. రోజూ ఒకసారి విని, రెండోసారి దానితోపాటే పలికాను. దీనికి ఫీజు లేదు.

ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ కూర్చున్నాను. ఈసారి చీటీలో, కొన్న వస్తువు పాడైతే దుకాణంవాడిని డబ్బు వెనక్కి అడగాలి. అమ్మను తలచుకుని మొదలుపెట్టాను. వ్యాకరణం రెండు మూడు చోట్ల జారింది. నేను ఆగలేదు. దుకాణంవాడు డబ్బు ఇస్తానన్నాడు! మాట్లాడడంలో 17 వచ్చాయి.

ఇప్పుడు కొందరి మాట. "కెనడా పోవడానికేగా ఇదంతా" అంటారు. నిజమే, కెనడా వలస లెక్కల్లో ఫ్రెంచికి అదనపు పాయింట్లున్నాయి. 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవాళ్ళకు ప్రత్యేక విడతలూ పెట్టారు. దానికి డెల్ఫ్ పనికిరాదు. టెఫ్, టీసీఎఫ్ అనే వేరే పరీక్షలున్నాయి, వాటి ఫలితాల చెల్లుబాటు రెండేళ్ళే. 2030 నాటికి మన దేశం నుంచి 30,000 మంది విద్యార్థులు రావాలని ఫ్రాన్సు అంటోంది. పోయేవాళ్ళు పోనివ్వండి, తప్పేముంది? కాని సర్టిఫికెట్టు వీసా కాదు, ఉద్యోగమూ కాదు. పాయింట్ల కోసం బట్టీ పట్టిన భాష విమానం దిగగానే మూగబోతుంది. పాయింట్లు లెక్కేసేవాడు ఒప్పుకున్నా, అక్కడి పక్కింటివాడు ఒప్పుకోడు.

"తెలుగే పోతుంటే ఫ్రెంచి ఎందుకు?" అనే పెద్దలకు వినయంగా ఒక మనవి. నా అనుభవంలో ఫ్రెంచి నా తెలుగును తీసుకుపోలేదు, తెచ్చిచ్చింది. నాకొక అభిప్రాయం ఉండవచ్చనీ, దాన్ని అయిదు వాక్యాల్లో చెప్పవచ్చనీ ఆ పరీక్షే మొదట అడిగింది. ఆ ప్రశ్న మన బడి అడగాల్సింది. వేల మైళ్ళ అవతలివాళ్ళు అడిగేదాకా ఎవరూ అడగకపోవడమే నా బాధ.

చివరగా విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. వార్షికోత్సవానికి మైకులు తెస్తాం, సినిమా పాటలకు స్టెప్పులేస్తాం. బాగుంది. దాంతోపాటు శనివారం సాయంత్రం ఒక గది, ఒక గంట ఇప్పించండి. లెక్చరరు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. ఒక్క నియమం చాలు: వచ్చిన ప్రతివాళ్ళూ మూడు నిమిషాలు మాట్లాడాలి, తప్పు మాట్లాడితే ఎవరూ నవ్వకూడదు. తెలుగో, ఇంగ్లీషో, ఉర్దూనో, ఫ్రెంచో ఎవరిష్టం వారిది. వెనక బెంచీలో తల వంచుకు కూర్చునే పల్లెటూరి పిల్లల్ని ముందుగా పిలవండి. వాళ్ళలో నేనొకదాన్ని.

ఆ గది దొరికితే మొదటి శనివారం అధ్యక్షత వహించడానికి మా అమ్మను తీసుకొస్తాను. పక్కింటివాడితో ఎలా మాట్లాడాలో ఆవిడ చెబుతుంది.