చిన్న విమానానికి దిగేటప్పుడే గండం
తుని-అన్నవరం ప్రతిపాదనలో గాలి లెక్కా కీలకమే

అన్నవరం: తుని-అన్నవరం మధ్య విమానాశ్రయం వస్తుందన్న మాట ఈ ప్రాంతంలో ఆశలు రేపింది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ముందుకు తెచ్చిన కొత్త విమానాశ్రయాల ప్రతిపాదనల్లో ఈ పేరు కూడా ఉంది. ఇటువంటి ప్రతిపాదన రాగానే ఎన్ని ఎకరాలు, ఎవరి పొలాలు, పరిహారం ఎంత అన్న ప్రశ్నలే ముందుకు వస్తాయి. అవి న్యాయమైనవే. అయితే విమానం క్షేమంగా దిగడానికి అక్కడి గాలి, కొండలు అనుకూలిస్తాయా అన్నది అంతకంటే ముందుగా తేలవలసిన విషయం.

చిన్న పట్టణాల రన్‌వేలపై శిక్షణ విమానాలు, ప్రైవేటు విమానాలు, హెలికాప్టర్ల రాకపోకలకు ఎక్కువ అవకాశం ఉంటుంది. తేలికపాటి విమానాల ప్రమాదాల్లో అధిక భాగం దిగే సమయంలోనే జరుగుతాయి. వీటిలో చాలావరకు ప్రాణనష్టం ఉండదు. ముందు చక్రం విరగడం, ప్రొపెల్లర్ వంగడం, రెక్క నేలకు రాసుకోవడంతో సరిపోతుంది. అందుకే అవి వార్తలకెక్కడం అరుదు.

కారణాల్లో మొదటిది వేగం. శిక్షణలో విరివిగా వాడే సెస్నా 172 విమానం గంటకు దాదాపు 120 కిలోమీటర్ల వేగంతో రన్‌వేను సమీపిస్తుంది. ఆ వేగం పదో వంతు పెరిగితే ఆగడానికి కావలసిన దూరం సుమారు ఐదో వంతు పెరుగుతుంది. వేగంగా నేలను తాకిన విమానం బంతిలా పైకి లేస్తుంది. కంగారుపడిన పైలట్ ముక్కును కిందికి నొక్కితే ముందు చక్రమే మొదట నేలను ఢీకొంటుంది. ఇక ప్రాణాలు తీసేది రన్‌వే వైపు తిరిగే చివరి మలుపు. గీత దాటిపోయామని గ్రహించి, తక్కువ వేగంలో మలుపును బిగిస్తే రెక్కలు పట్టు కోల్పోతాయి. తేరుకోవడానికి అక్కడ తగినంత ఎత్తు ఉండదు. తేడా కనిపించిన వెంటనే మళ్లీ పైకి లేచి, చుట్టు తిరిగి రావడమే పైలట్లకు నేర్పే మొదటి పాఠం. ఆచరణలో తరచూ విస్మరించేదీ అదే.

రెండోది గాలి. ఎదురుగాలి విమానానికి మేలు చేస్తుంది. వెనుకగాలి, అడ్డగాలి కీడు చేస్తాయి. సెస్నా 172 తట్టుకోగలదని తయారీదారు చేసి చూపిన అడ్డగాలి వేగం గంటకు 28 కిలోమీటర్లు మాత్రమే. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో 21 మంది ప్రాణాలు తీసిన ప్రమాదంలో పెద్ద జెట్ విమానమే వెనుకగాలితో దిగి, రన్‌వేపై చాలా దూరం వెళ్లాక నేలను తాకి, చివర ఆగలేకపోయింది.

ఈ దృష్టితో చూస్తే తుని-అన్నవరం ప్రాంతం చిక్కుముడిలాంటిదే. ఇక్కడ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. రన్‌వేను తీరానికి సమాంతరంగా వేస్తే రెండు రుతుపవనాల గాలులూ దాదాపు దాని వెంటే వీస్తాయి. అయితే వేసవి మధ్యాహ్నాల్లో సముద్రం మీది నుంచి వచ్చే గాలి అడ్డంగా తగులుతుంది. పోనీ సముద్రం వైపు తిప్పితే రెండో కొస పడమటి కొండలకు ఎదురవుతుంది. కొండ చాటున గాలి సుడులు తిరుగుతూ విమానాన్ని కిందికి లాగుతుంది. ఒకటి రెండు రోజుల పరిశీలనతో ఇది తేలేది కాదు. ఎంచుకున్న స్థలంలోనే అన్ని రుతువుల్లోనూ గాలి దిశ, వేగం నమోదు చేసిన తర్వాతే రన్‌వే గీత గీయాలి.

గోదావరి జిల్లాల వారికి మరువరాని దుర్ఘటన ఒకటుంది. 2002 మార్చి 3న అప్పటి లోక్‌సభ స్పీకర్, అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి భీమవరం నుంచి బయలుదేరిన హెలికాప్టర్ కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక వద్ద కూలింది. ఆయనతో పాటు పైలట్, అంగరక్షకుడు మరణించారు. చూపు ఆనని వేళ దిగే ప్రయత్నంలో చేపల చెరువును నేలగా పొరబడ్డారన్నది ఆ తర్వాత వెలువడిన వివరణ. నిశ్చలంగా ఉన్న నీటిపై ఎత్తును అంచనా వేయడం అనుభవజ్ఞులకూ కష్టమే. డెల్టాలో చెరువు లేని దిక్కు ఎక్కడుంది?

చెరువులతో పాటు పక్షులూ వస్తాయి. చెత్తకుప్పలు వాటిని మరింతగా రప్పిస్తాయి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల పరిధిలో పక్షులను, జంతువులను ఆకర్షించేలా చెత్త పారబోయరాదని విమానయాన నిబంధనలు చెబుతున్నాయి. విమానాశ్రయం అన్నవరానికి అంత చేరువలో వస్తే, రత్నగిరికి వచ్చే భక్తులు వదిలే విస్తరాకులు, ప్రసాదం పొట్లాలు ఎక్కడికి చేరుతున్నాయన్నది పంచాయతీ పారిశుద్ధ్యం ఒక్కదానితో తీరే విషయం కాదు.