పేరు మారినంతనే ప్రమాదం తొలగదు

భిలాయి చెంతనున్న హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడలో పలు ప్రాంతాల, పలు మతాల కార్మికులు భుజం భుజం కలిపి పనిచేస్తున్నారు. వారిని సొంత ఊళ్లతో కలిపేవి మన రైలు, మన టపా. ఆ రైలుపైనే ఉగ్రవాదుల గురి. 2006 జూలై 11న ముంబయి లోకల్ రైళ్లలో ఏడు బాంబులు పేలినవి. 2008 నవంబరు 26న ఛత్రపతి శివాజీ టెర్మినస్ రక్తసిక్తమైనది.

నిషేధంతోనే ఈ పీడ విరగడ కాదు. 2001లో సిమీని నిషేధించగా, అందులో తిరిగిన కొందరే ఇండియన్ ముజాహిదీన్‌గా తలెత్తారు. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో 42 మందిని బలిగొన్నారు. అల్‌ఖైదా ఇరాక్ శాఖయే ఇస్లామిక్ స్టేట్‌గా పరిణమించినది. 2019లో సిరియాలో చివరి స్థావరం కోల్పోయినా, దాని ఖొరాసాన్ శాఖ 2024 మార్చిలో మాస్కోలో నరమేధం సాగించినది. రేపు మరొక పేరు వినవచ్చును.

ముంబయి రైళ్ల కేసులో శిక్షపడిన 12 మందినీ 2025 జూలైలో బొంబాయి హైకోర్టు నిర్దోషులుగా ప్రకటించినది. లోపభూయిష్ఠమైన దర్యాప్తు బాధితులకు న్యాయం చేకూర్చదు. ఉగ్రవాదుల వారసులకు ప్రచారాస్త్రం మాత్రం అందిస్తుంది.

కనుక స్టేషన్లలో చాలినంత భద్రతా సిబ్బందిని నియమించాలనీ, నిష్పాక్షిక దర్యాప్తు జరపాలనీ మేము కోరుతున్నాము. సోదరులారా! అప్రమత్తులమై ఉందాము, కాని మతాన్ని చూచి తోటి ఉద్యోగిని శంకించరాదు. మన మధ్య చీలికయే వారి పంట పండే పొలం.