తెలిసినవాళ్ళైతే?

"నెల రోజులు నేర్చుకుని టీచరైపోయావా వదినా?" అని మా ఆడపడుచు ఒకటే నవ్వు. నవ్వనివ్వండి, అందులో సగం నిజమే కదా! ఇరవై ఏళ్ళుగా ఇల్లు చూసుకుంటున్న తెలుగు బి.ఏ. మనిషిని. మా ఊళ్ళో గృహిణుల కోసం పెట్టిన ఆత్మరక్షణ శిక్షణకి 30 రోజులు వెళ్ళొచ్చి, ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు హైస్కూలు ఆడపిల్లలకి నేర్పుతున్నాను. బ్లాక్ బెల్టు మాట దేవుడెరుగు, తెల్ల బెల్టు కూడా లేదు.

కరాటే రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆపదలోంచి తప్పించుకోవడం వేరే విద్య. పిడికిలి బిగించమంటే చాలామంది పిల్లలు బొటనవేలు లోపల పెట్టేసుకుంటారు. అలా కొడితే విరిగేది మన వేలే. ఎవడైనా మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలు ఉన్న వైపుకి తిప్పి లాగాలి. అటువైపు అడ్డం ఒక్క వేలే కాబట్టి పట్టు వదులుతుంది. ఇవి నేర్పడానికి పదేళ్ళ సాధన అక్కర్లేదు. కత్తి పట్టుకొచ్చినవాడి చేతిలోంచి కత్తి లాక్కోవడం మాత్రం నేను నేర్పను. నాకు రాదు. వచ్చినవాళ్ళు కూడా ముందు పారిపొమ్మనే చెబుతారు.

అన్నిటికంటే కష్టం అరవడం. "వద్దు" అని గట్టిగా అరవమంటే మొదటి వారమంతా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వరూ మరి! "మెల్లిగా మాట్లాడవే, వీధిలోకి వినిపిస్తోంది" అని ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మనం అంటున్న మాటే కదా.

కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల విద్యార్థినులకి 12 గంటల శిక్షణ ఇచ్చి ఏడాది గమనించారు. 2015లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ లేనివారిలో అత్యాచారానికి గురైనవారు 9.8 శాతం, తీసుకున్నవారిలో 5.2 శాతం. 12 గంటలకే అంత తేడా! అయితే ఆ గంటల్లో తన్నులూ గుద్దులూ ఒక భాగమే. తెలిసిన మనిషి హద్దు దాటుతున్నాడని ముందుగా పసిగట్టడం, మొహమాటం వదిలి కాదనడం కూడా అందులో నేర్పారు.

మనవైపు శిక్షణ ముగిసిన రోజున పెంకులు పగలగొట్టించి అతిథుల చేత చప్పట్లు కొట్టిస్తారు. నాకు నచ్చదు. పెంకు తిరగబడదు. పైగా పెంకుతో మనకి బంధుత్వం లేదు.

ఎందుకంటున్నానంటే, మూడో వారంలో ఒక పిల్ల అందరూ వెళ్ళేదాకా ఆగి, "తెలిసినవాళ్ళైతే కూడా కొట్టొచ్చా మేడమ్?" అంది. కొట్టొచ్చు, అరవొచ్చు, నాకు చెప్పొచ్చు అన్నాను. ఆ పిల్ల గురించి ఇక్కడ ఇంతకన్నా రాయను.

మన దేశంలో ఏటా నమోదయ్యే అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకి తెలిసినవాళ్ళే. మా శిక్షణలో మాత్రం దుండగుడు ఎప్పుడూ చీకటి సందులోంచే వచ్చాడు! ఇలాంటి చిన్న శిక్షణల్లో అసలు లోటు ఇదీ అంటాను నేను. కాలు ఎంత ఎత్తుకి లేవాలో 30 రోజులూ చెప్పారు. పిల్ల వచ్చి నోరు విప్పితే నేర్పేవాళ్ళు ఏం చెయ్యాలో ఒక్కరోజూ చెప్పలేదు. అది నేను విడిగా చదువుకున్నాను. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకుండా దాస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పిల్లలు తామే ఫోన్ చేసుకోవడానికి 1098 ఉంది. ఇక ఎదురు తిరిగే హక్కంటారా, కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. అందులో చుట్టాలకి మినహాయింపేమీ లేదు.

మినహాయింపులన్నీ మన ఇళ్ళల్లోనే. "మామయ్యకి ముద్దు పెట్టు", "బాబాయి పిలుస్తుంటే వెళ్ళవేం?" అంటాం. పిల్ల వెనక్కి జరిగితే మర్యాద తెలీదని నలుగురిలో కోప్పడతాం. అదే పిల్లకి సాయంత్రం నేను "ఇష్టం లేకపోతే వద్దను" అని చెబుతాను. పిల్ల ఎవరి మాట వినాలండీ? బాబాయిలందరూ చెడ్డవాళ్ళని నేననడం లేదు. మా పిల్లల బాబాయి బంగారం లాంటి మనిషి. మంచివాడైతే, పిల్ల ముద్దు పెట్టనన్నందుకు నొచ్చుకోడు.

"ఇవన్నీ నేర్పితే పిల్ల మగరాయుడైపోదూ?" అని ఒకావిడ అడిగారు. వాళ్ళమ్మాయి ఇప్పటికీ "వద్దు" అనే మాట నేల చూస్తూనే అంటుంది. ఆ చూపు పైకెత్తడానికే నాకు నెల పట్టేలా ఉంది.

వచ్చే బ్యాచ్‌లో మొదటి సాయంత్రం పిల్లలతో పాటు అమ్మలు కూడా రావాలని షరతు పెట్టాను. ఇద్దరు అప్పుడే మానుకున్నారు. వచ్చినవాళ్ళ చేత కూడా అరిపిస్తాను. కుర్చీలు చాలవు గనుక చాపలు తెచ్చుకోమన్నాను.