కంట్లో పువ్వు కాదండీ, పుండు!

సినిమాల్లో కుక్కగారికి ఎప్పుడూ మంచి వేషాలే! 1985లో వచ్చిన ‘తేరీ మెహర్బానియా’లో హీరో జాకీ ష్రాఫ్‌ని విలన్లు చంపేస్తే పగ తీర్చింది కుక్కే. 2022లో ‘777 చార్లీ’ చూసి కళ్లు తుడుచుకోని వాళ్లు తక్కువ. హాల్లో మన కళ్లు తుడుచుకున్నాం సరే, ఇంట్లో కుక్క కన్ను తెరవలేకపోతే ఏం చెయ్యాలో ఎందరికి తెలుసు? ఈ వారం కబురు అదే.

మా నర్సీపట్నంలోనూ పగ్ కుక్కల ముచ్చట వచ్చింది. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో కుర్రాడి వెనకాలే నడిచిన బుల్లి కుక్క జాతి అది. ముద్దుగానే ఉంటుంది. కానీ మూతి చప్పిడి, కళ్లు బయటికి పొడుచుకొచ్చినట్టుంటాయి. పిల్లి గోరు తగిలినా, గడ్డిపరక గుచ్చుకున్నా ముందు దెబ్బ తినేది కన్నే.

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది. కార్నియా అంటారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. పైపైన గీరుకుంటే, సూక్ష్మజీవులు చేరకుండా చూసుకుంటే, చాలావరకు వారంలోపు మానుతుంది. అవి చేరాయో, కథ మారిపోతుంది! ఆ పొర జిగురులా కరగడం మొదలెడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే కన్నుకి చిల్లు పడొచ్చు. ఈ విలన్ ఇంటర్వెల్ దాకా ఆగడన్నమాట!

మా వీధి కుర్రాడొకడు మొన్న పగ్‌ని చంకనేసుకుని వచ్చాడు.

“కన్ను ఎర్రబడిందంతే అన్నయ్యా. ఇంట్లో చుక్కల మందుంది, ఏసేద్దునా?”

సీసా చూశాను. డెక్సామెథాసోన్. అంటే స్టెరాయిడ్.

“ఏస్తే ఏటవుద్ది?” అన్నాడు.

“పుండు గానీ ఉంటే కన్నే పోతుంది. పద, డాక్టర్ దగ్గరికి” అన్నాను. పుండున్న కంట్లో స్టెరాయిడ్ పడితే గాయం మానదు, సూక్ష్మజీవులు రెచ్చిపోతాయి, పొర ఇంకా తొందరగా కరుగుతుంది.

పశువుల డాక్టరుగారు ఫ్లోరెసిన్ అనే రంగు కాగితం కంటికి తాకించి నీలం లైటు వేశారు. పుండున్నంత మేరా పచ్చగా మెరిసింది. యాంటీబయాటిక్ చుక్కలు గంటగంటకీ, రాత్రి కూడా! నొప్పి తగ్గడానికి అట్రోపిన్. గోక్కోకుండా మెడకి గరాటాలాంటి కాలర్. అన్నిటికన్నా చిత్రం ఏమిటంటే, ఆ కుక్క రక్తమే కొంచెం తీసి, పైన తేరిన సీరాన్ని చుక్కలుగా వెయ్యమన్నారు. పొరని కరిగించే రసాలకి సీరం అడ్డుకట్ట వేస్తుందట. దాన్ని ఫ్రిజ్‌లో దాచాలి. ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య అయిదు నిమిషాలైనా ఆగాలి.

పుండు లోతుగా దిగితే చుక్కలు చాలవు. కంటి తెల్లపొర ముక్కని దానిమీదకి జరిపి కుట్టాలి. అలాంటప్పుడు గరివిడి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో అడిగి చూడాలి.

మావాడు మూడు రాత్రులు అలారం పెట్టుకుని లేచాడు. కన్ను నిలిచింది, తెల్లమచ్చ మాత్రం మిగిలింది. మన వైపు ‘పువ్వు’ అనేది అలాంటి మచ్చనే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కుక్క కన్ను మూసుకుంటున్నా, నీరు కారుతున్నా, పచ్చ పుసి పడుతున్నా, నల్లగుడ్డు మీద మబ్బు కమ్మినా రేపటిదాకా ఆగకండి. పాత సీసా ముట్టుకోకండి. ఆ రోజుకి మ్యాట్నీ మానేసినా ఫరవాలేదు. సినిమా మళ్లీ ఆడుతుంది, కన్ను మళ్లీ రాదు!