రిమోటు ఒకరిది, బిల్లు ఇంకొకరిది

మే నెలలో ఏ సర్కారీ కార్యాలయానికైనా పదిన్నరకి వెళ్లి చూడండి. అధికారిగారు ఇంకా రాలేదు, ఫీల్డు విజిట్ అంటారు. ఆయన గదిలో ఏసీ మాత్రం అప్పటికే మొదలైపోయి ఉంటుంది. అటెండరు దాన్ని పద్దెనిమిదిలో పెట్టి, తలుపు చేరవేసి, రిమోటు జేబులో వేసుకుని వరండాలో బల్ల మీద కూర్చుంటాడు. అయ్యగారు ఒంటిగంటకొచ్చి, చలేస్తోందని ఫ్యాను కట్టేయిస్తారు. ఏసీ జోలికి ఎవరూ పోరు. ఇందులో అటెండర్ని తప్పుపట్టేదేమీ లేదు. గది చల్లగా లేకపోతే చీవాట్లు తినేది అతనే. బిల్లు పెరిగితే చీవాట్లు తినేవాళ్లు ఆ ఆఫీసులో ఒక్కరూ లేరు.

కరెంటు పొదుపు మీద వారోత్సవాలు చేస్తాం, బళ్లలో వ్యాసరచన పోటీలు పెడతాం. ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారు చేయాలన్న కేంద్రం నిబంధన 2020 జనవరి నుంచే అమల్లో ఉంది. 20కి కిందికీ 28కి పైకీ పోకుండా కట్టడి చేస్తామని కేంద్ర విద్యుత్ మంత్రి 2025 జూన్‌లో అన్న మాట మీద పెద్ద రభసే జరిగింది. ఇవన్నీ మంచివే. కానీ మీట నొక్కే చెయ్యీ డబ్బు కట్టే చెయ్యీ వేరువేరుగా ఉన్నంతకాలం ఏ అంకె పెట్టినా ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాకు కనిపిస్తున్న అసలు జబ్బు ఇదీ.

కల్యాణ మండపాల సంగతి చూడండి. కొన్నిచోట్ల అద్దెలోనే కరెంటు కలిపేస్తారు. అక్కడ పెళ్లివారు వంటవాళ్లు దిగిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా హాలంతా గడ్డ కట్టించేస్తారు. తలుపులు బార్లా తెరిచే ఉంటాయి, సన్నాయి వాళ్లు చెమటలు కక్కుతూనే ఉంటారు. మరికొన్నిచోట్ల హాలు అప్పగించేటప్పుడు మీటరు రీడింగు రాసుకుని, వెళ్లేటప్పుడు మళ్లీ చూసి, యూనిట్‌కి ఇంతని వసూలు చేస్తారు. అక్కడ పెళ్లికూతురి మేనమామ ఒకాయన గదులన్నీ తిరుగుతూ స్విచ్చులు కట్టేస్తుంటాడు. అదే ఊరు, అదే ఎండ, అవే ఏసీలు. మీటరు ఎవరి కళ్లముందు ఉందన్నదే తేడా. (రిసెప్షన్లో పెళ్లికొడుక్కి త్రీ పీస్ సూటు తొడిగి, అతగాడికి చెమట పట్టకుండా అయిదొందల మందిని వణికించే ఆచారం మనకి ఎప్పుడు పట్టుకుందో గాని, జపాన్‌లో 2005 నుంచీ ఎండాకాలం ఆఫీసుల్లో టైలు, కోట్లు విప్పించి ఏసీని 28లో పెట్టుకోమని ప్రభుత్వమే చెబుతోంది.)

మనది ఎండ కంటే ఉక్క ఎక్కువున్న ప్రాంతం. భవనాల నియమావళి కూడా ఈ తీరాన్ని వేడి, తేమ కలిసిన మండలంగానే లెక్కవేస్తుంది. చలికాలంలో గది వెచ్చబెట్టుకునే గొడవ మనకి లేనేలేదు. నాలుగు రోజులు గీజరు, ఒక రోజు భోగిమంట, అంతే. కళింగపట్నం వైపో, భీమిలి దారిలోనో ముప్పై నాలుగు డిగ్రీలకే ప్రాణం విసిగిపోయేది గాలిలోని తేమ వల్ల. పట్టిన చెమట ఆరదు. ఏసీ రెండు పనులు చేస్తుంది. గాలిని చల్లబరుస్తుంది, అందులోని తేమని పిండేస్తుంది. వెనకవైపు గొట్టంలోంచి బకెట్లోకి కారేది ఆ తేమే. తలుపు తెరిచిన ప్రతిసారీ వీధిలో ఉక్కంతా లోపలికొస్తుంది, దాన్ని మళ్లీ పిండాలి, దానికీ కరెంటు కాలుతుంది. పదహారులో పెడితే గది తొందరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. మామూలు ఏసీ కంప్రెసరు ఎక్కడ పెట్టినా ఒకే జోరు మీద తిరుగుతుంది, పదహారు అన్నందుకు ఆగడం మానేస్తుందంతే. 26లో పెట్టి పైన ఫ్యాను వేసుకుంటే ఒంటికి తగిలే గాలి మరో రెండు డిగ్రీలు తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ ఫ్యాను కూడా పాతదైతే 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ రకమైతే 30 వాట్లకి అటూఇటూ.

రిమోటూ బిల్లూ ఒకే చేతిలో ఉన్నచోట, అంటే సొంతింట్లో, లెక్క ఇలా ఉంటుంది. ఫ్యాన్లు, లైట్లు, టీవీ, ఫ్రిజ్‌తో నెలకి 120 యూనిట్లు కాల్చే ఇల్లనుకుందాం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం, ఇతర చార్జీలు వదిలేస్తే, అది 395 రూపాయలు. టన్నున్నర ఏసీ ఒకటి బిగించి రాత్రికి ఎనిమిది గంటలు నడిపితే, గంటకి యూనిట్ చొప్పున నెలకి 240 యూనిట్లు పైనపడతాయి. వాడకం మూడింతలు. బిల్లు మాత్రం 2,198 రూపాయలు, అంటే అయిదున్నర రెట్లు. ఎందుకంటే 225 దాటిన ప్రతి యూనిట్‌కీ 8 రూపాయల 75 పైసలు. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ వాడకం సుమారు ఆరు శాతం తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. ఇరవైలో పెట్టుకునే ఇల్లు ఇరవయ్యారుకి మారితే ఆ ఖరీదైన శ్లాబులోంచే యూనిట్లు తగ్గుతాయి. నెలకి ఆరొందల యాభై దాకా మిగులుతుంది. అందుకే ఇళ్లలో నాన్నలు అర్ధరాత్రి లేచి ఏసీ కట్టేస్తారు. ఏ ఆఫీసులోనైనా అలా లేచే నాన్న ఉన్నాడా?

ఉన్నచోట ఏం జరుగుతుందో చెబుతాను. హైదరాబాద్ శివార్లలోని పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు 2011లో ఒక భవనాన్ని సరిగ్గా సగానికి విడగొట్టి కట్టారు. ఒక సగంలో మామూలు ఏసీ. రెండో సగంలో స్లాబులోనే గొట్టాలు పరిచి చన్నీళ్లు పారించి, పీల్చుకునే గాలిని విడిగా ఆరబెట్టి పంపే పద్ధతి. రెండు సగాలకీ విడివిడిగా మీటర్లు. చల్లదనానికి రెండో సగం మూడో వంతు దాకా తక్కువ కరెంటు తాగింది. ఆ పద్ధతిని తెచ్చి నేరుగా మన తీరంలో పెట్టేయమనడం లేదు. ఇక్కడి తేమని ముందు తీసేయకపోతే చల్లటి సీలింగు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా నెత్తిన పడతాయి. నాకు నచ్చింది ఆ గొట్టాలు కాదు, మీటర్లు. కట్టించినవాళ్లే నడిపారు, నడిపినవాళ్లే బిల్లు కట్టారు, కాబట్టి కొలుచుకున్నారు. భోగాపురం విమానాశ్రయం గురించి కూడా నాకు బెంగ లేదు. అంత పెద్ద టెర్మినల్‌కి చల్లదనం ఖర్చు ఎంతో దాన్ని నడిపేవాళ్లకి పైసలతో సహా తెలుస్తుంది.

బెంగల్లా రాజాం, నరసన్నపేట, టెక్కలి, బొబ్బిలిలో లేస్తున్న మూడంతస్తుల మేడల గురించి. కేంద్రం వాణిజ్య భవనాలకి పెట్టిన ఇంధన పొదుపు నియమావళి 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు నుంచి మొదలవుతుంది. మన బ్యాంకు బ్రాంచీలు, నర్సింగ్ హోములు, బట్టల దుకాణాలు చాలావరకు ఆ గీతకి కిందే ఉంటాయి. కట్టేది స్థల యజమాని. ముందంతా అద్దాలు బిగిస్తే అద్దె ఎక్కువొస్తుంది. పడమటి ఎండ ఆ అద్దంలోంచి లోపలికి దూరితే దానిమీద పోరాడే ఏసీ ఖర్చు అద్దెకున్నవాడిది. కాపురాల ఇళ్లలోనూ ఇదే కథ. కింద ఓనరు, పై వాటాలో స్లాబు కింద అద్దెవాళ్లు. మేడ మీద సున్నం కొట్టిస్తే సుఖపడేది అద్దెవాళ్లు, కూలి ఇవ్వాల్సింది ఓనరు. కొట్టించరు.

స్లాబు సంగతి ఈ వైపు ఏ ఇల్లాలిని అడిగినా ఒకటే మాట: "రాత్రి పన్నెండైనా పెనం నాగుంతాది బాబూ." పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రంతా కిందికి వదులుతుంది. మన తీరంలో బెస్తవాళ్ల చుట్టిళ్లకి ఆ బాధ లేదు. తాటాకు చూరు నడుముదాకా దిగి ఉంటే మట్టిగోడకి ఎండే తగలదు. అలాగని వాటిని చూసి నిట్టూర్చే పని పెట్టుకోను. నిప్పురవ్వ పడితే ఇల్లు బుగ్గి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చిపోయాక ఇటు ఎవరినడిగినా స్లాబే కావాలంటారు, వాళ్లు అనేది న్యాయం. కావలసింది స్లాబు మీద ఒక తెల్లటి పూత. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 గజాలు దాటిన ఇళ్లకీ దాన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లని మాత్రం వాళ్లూ వదిలేశారు.

అసలు మంట చిన్న ఇళ్లదే. విజయనగరం పక్కన గుంకలాంలో దాదాపు నాలుగొందల ఎకరాల్లో 12 వేల పైచిలుకు స్థలాలు వేసి 2020 డిసెంబరు 30న అప్పటి ముఖ్యమంత్రి పట్టాలు పంచారు. ఆ ఇళ్ల పథకంలో ఒక్కో ఇల్లు 340 చదరపు అడుగులు. ఇంధన పొదుపులో ఇండో–స్విస్ ప్రాజెక్టు సాంకేతికత వాడతామని అప్పట్లో గట్టిగానే చెప్పారు. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో మనలాంటి ఉక్క ప్రాంతాలకి ఒక మంచి లెక్క ఉంది: బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపులు కలిపి గదుల విస్తీర్ణంలో ఆరో వంతు ఉండాలి. 340 అడుగులకి అది 57 చదరపు అడుగులు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీ పెడితే సగమే తెరుచుకుంటుంది, కాబట్టి లెక్కలోకి సగమే వస్తుంది. పాత చెక్క రెక్కల కిటికీ అయితే దాదాపు మొత్తం వస్తుంది. ఇంతా చేసి ఆ సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు దాటిన స్థలాలకి. సెంటు, సెంటున్నర స్థలం వాళ్లకి దానితో సంబంధమే లేదు. నమూనా గీసినవారు ఒకరు, సిమెంటు లెక్క చూసేవారు ఒకరు, ఆ స్లాబు కింద పడుకునేవాళ్లు వేరొకరు. రేపు నాలుగు డబ్బులు చేరగానే వాళ్లు వాయిదాల మీద ఏసీ కొంటారు, 8 రూపాయల 75 పైసల శ్లాబులోకి ఎక్కుతారు.

కాలనీ ఇళ్లకి బిల్లులు దశలవారీగా ఇస్తారు. పునాదికొకటి, లింటెల్‌కొకటి, స్లాబుకొకటి ఫొటో తీసి ఆన్‌లైన్లో ఎక్కిస్తేనే డబ్బు పడుతుంది. ఆఖరి విడత ఇచ్చేముందు ఇంజినీరుగారు మేడెక్కి, తెల్లపూత ఆరిందో లేదో చూసి ఇంకొక ఫొటో తియ్యాలి. పూత డబ్బు కూడా ఆ విడతలోనే కలపాలి, లబ్ధిదారు నెత్తిన వెయ్యకూడదు.